వడ్ల లెక్క యాప్‌ను వేరేవాళ్ళకు అప్పగించాలి. ఎవరికి, ఎట్లా?

ఆయకట్టు అబ్బాయి:

అందరికీ నమస్తే. మాది హాలియా దగ్గర పల్లె. మిర్యాలగూడలో ఒక ప్రైవేటు కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెప్తాను. 2019 యాసంగి కోతలప్పుడు వడ్ల లెక్క చూసుకోవడానికి ఒక చిన్న ఆండ్రాయిడ్ యాప్ రాశాను. బస్తాలు ఎన్ని, కాంటా మీద ఎంత తూగింది, తేమ ఎంత, తరుగు ఎంత తీశారు, ఏ గ్రేడ్ అనేవి కొడితే ఎన్ని క్వింటాళ్ళు అయిందీ, చేతికి ఎంత రావాలీ చూపిస్తుంది. నెట్ అక్కర్లేదు, లాగిన్ లేదు, సర్వర్ లేదు. కోడ్ మొత్తం జీపీఎల్ 3 లైసెన్స్‌తో (ఎవరైనా తీసుకోవచ్చు, మార్చి పంచితే సోర్స్ కూడా ఇవ్వాలి) గిట్‌హబ్‌లో, అంటే కోడ్ పంచుకునే సైట్‌లో పెట్టాను. తర్వాత చాలామంది చేతులు పడ్డాయి. ఇప్పుడున్న కోడ్‌లో సగం నాది కాదు.

సాగర్ ఎడమ కాలువ కింద ఉన్నవాళ్ళకు దీని అవసరం ఏంటో చెప్పనక్కర్లేదు. మిగతావాళ్ళ కోసం రాస్తున్నా. కొనుగోలు కేంద్రంలో బస్తా అంటే 40 కిలోలు. తేమ 17 శాతం దాటొద్దు. బస్తాకు ఒక కిలో తరుగు అంటే వినడానికి ఏమీ అనిపించదు, కానీ 100 బస్తాలకు అది ఒక క్వింటా. 2025-26కి మద్దతు ధర ఏ గ్రేడ్‌కు 2389 రూపాయలు, సాధారణ రకానికి 2369. సన్నాలైతే దాని మీద రాష్ట్రం ఇచ్చే 500 బోనస్. ఇంట్లో కూర్చుని కాగితం మీద వేస్తే ఈ లెక్క ఎవరికైనా వస్తుంది. లారీ వచ్చి నిలబడి, హమాలీలు తొందర పెడుతుంటే రాదు. అందుకే యాప్ ఒకరి నుంచి ఒకరికి పాకింది. త్రిపురారం, నిడమనూరు, అటు నేరేడుచర్ల దాకా వాడుతున్నారు. చాలామంది ప్లే స్టోర్‌లోకి కూడా పోరు, వాట్సాప్‌లో ఒకరికొకరు ఏపీకే (యాప్ ఇన్‌స్టాల్ చేసే ఫైల్) పంపుకుంటారు.

ఇప్పుడు దీన్నుంచి తప్పుకోవాలని ఉంది. పెద్ద కారణం ఏమీ లేదు. ఒంట్లో బాగానే ఉంది, అమెరికా పోవడం లేదు, కాలేజీలో పని కూడా ఎప్పటిలాగే ఉంది. దీని మీద మనసు పోవడం లేదు, అంతే. ఎవరైనా బగ్ రాస్తే వారాల తరబడి తెరవబుద్ధి కాదు. తెరిచినా విసుగ్గా జవాబిస్తున్నాను, చదివినవాళ్ళకు అది తెలిసిపోతోంది. ఇట్లా ఈడ్చేకంటే ఇష్టం ఉన్నవాళ్ళకు ఇవ్వడం మేలు కదా. పైగా యాప్‌లో 'సహాయం' అని నొక్కితే వచ్చేది నా సొంత నంబరే. సీజన్‌లో రాత్రి పదింటికి కూడా కల్లం దగ్గరనుంచి ఫోన్ వస్తుంది. మా ఆవిడ ఈ యాప్‌కు వేరే పేరు పెట్టింది, అది ఇక్కడ రాయలేను.

ఇద్దరు ముందుకొచ్చారు. ఒకతను రెండేళ్ళుగా కోడ్ పంపుతున్నాడు. పని చాలా శుభ్రంగా ఉంటుంది. ప్రొఫైల్‌లో ట్రాక్టర్ బొమ్మ తప్ప అసలు పేరు లేదు, ఊరు లేదు. ఎప్పుడూ ఇంగ్లిష్‌లోనే రాస్తాడు, కాల్‌లోకి రమ్మంటే రాడు. ఈ మధ్య 'మీకు టైమ్ లేదు కదా, రిలీజ్ నేను చేస్తాను, సైనింగ్ కీ పంపండి' అంటున్నాడు. అప్‌డేట్ మా దగ్గరనుంచే వచ్చిందని చూపే డిజిటల్ సంతకం పెట్టేది ఆ కీతోనే. తప్పు మనిషి అని నేను అనడం లేదు. రెండోది ఎరువులు, విత్తనాల వ్యాపారం చేసే ఒక సంస్థ. యాప్ మొత్తం తీసుకుంటాం, డబ్బు ఇస్తాం, ఉచితంగానే ఉంచుతాం, కింద మా ప్రకటన ఒక్కటి వస్తుంది అంటున్నారు.

మూడో మనిషి ముందుకు రాలేదు, నా మనసులో ఉంది. త్రిపురారం వైపు అమ్మాయి. నల్లగొండలో డిగ్రీ చేసింది, వాళ్ళ నాన్నది కౌలు వ్యవసాయం. కోడ్ పెద్దగా రాయదు. కానీ ప్రతి వెర్షన్‌నీ కేంద్రం దగ్గర నిజమైన ట్రక్ షీట్లు (లారీకి ఎక్కిన వడ్ల లెక్క రాసిన చీటీలు) పక్కన పెట్టుకుని చూస్తుంది. పోయిన సీజన్‌లో ట్రాక్టర్ బొమ్మ అతను పంపిన మార్పులో తేమ సరిగ్గా 17 ఉంటే కూడా 'పరిమితి దాటింది' అని చూపిస్తోందని పట్టుకున్నది తనే. వాట్సాప్ గ్రూపులో రైతులు అడిగేవాటిలో సగానికి పైగా జవాబులు తనవే.

యాసంగి కొనుగోళ్ళు అయిపోయాయి. వానాకాలం వడ్లు అక్టోబరు నుంచి మొదలవుతాయి. ఈ మధ్యలో పని తెగాలి. ప్లే స్టోర్ ఖాతా, డొమైన్, సైనింగ్ కీ, వాట్సాప్ గ్రూపు అన్నీ నా పేరు మీదే ఉన్నాయి. ఇట్లాంటివి అప్పగించినవాళ్ళు ఎవరైనా ఉంటే, ఎవరికి ఇవ్వాలో, ఏ వరసలో ఇవ్వాలో చెప్పండి.


గడియారం సెంటర్:

ఆ సంస్థవాళ్ళు ఎంత ఇస్తామన్నారు అన్నా? ఊరికే అడుగుతున్నా, నాకేం ఇవ్వనక్కర్లేదు.

మా నాన్న ఈ యాప్ వాడతాడు. ఆయన ఫోన్‌లో ఇప్పటికే ప్రతి దాంట్లో ఏదో ఒక మందు డబ్బా బొమ్మ వస్తుంది. యాడ్ లేనిది ఇదొక్కటే అని నమ్ముతాడు. ఈ యాప్ ఫలానా మందు కొట్టు అంటే ఆయన కొడతాడు కూడా, అది ఇంకా భయం.


పానగల్లు:

అన్నా, నేను హైదరాబాద్‌లో సెక్యూరిటీ పనిలో ఉన్నాను, ఊరు నల్లగొండే. కాస్త పొడుగ్గా రాస్తాను.

ముందు ఒక సంగతి. కోడ్ ఇప్పటికే అందరిదీ. జీపీఎల్ కాబట్టి ఆ వ్యాపారంవాళ్ళు ఈ రోజే కాపీ చేసుకుని, వేరే పేరుతో, సోర్స్ బయటపెట్టి విడుదల చేసుకోవచ్చు. మీ అనుమతి అక్కర్లేదు, మీకు రూపాయి ఇవ్వనక్కర్లేదు. మరి డబ్బు ఎందుకు ఇస్తామంటున్నారు? ఇప్పటికే వేల ఫోన్లలో కూర్చున్న యాప్‌కు అప్‌డేట్ పంపే అధికారం కోసం. ట్రాక్టర్ బొమ్మ అతను అడుగుతున్నదీ అదే. మీరు అప్పగించేది అదొక్కటే అని ముందు గుర్తు పెట్టుకోండి, మిగతా నిర్ణయాలు తేలికవుతాయి. ఇంకోటి, మిగతావాళ్ళు రాసిన కోడ్ మీద కాపీరైట్ వాళ్ళదే. లైసెన్స్ మార్చి ఆ సంస్థకు అమ్మడం మీరొక్కరే చేయగలిగిన పని కూడా కాదు.

ఇట్లా అధికారం చేతులు మారినప్పుడు ఏం జరిగిందో రెండు కథలు చెప్తాను. 2018లో ఈవెంట్ స్ట్రీమ్ అని జావాస్క్రిప్ట్ ప్యాకేజీ (వేరే ప్రోగ్రాములు వాడుకునే కోడ్ ముక్క) ఉండేది. వారానికి లక్షల డౌన్‌లోడ్లు. రాసినాయన అప్పటికి దాన్ని వాడటమే మానేశాడు. ఎవరో మెయిల్ పెట్టి నేను చూసుకుంటా అంటే పబ్లిష్ హక్కు ఇచ్చేశాడు. ఆ కొత్త మనిషి దాని వెనక ఇంకో చిన్న ప్యాకేజీ తగిలించాడు. అది కోపే అనే బిట్‌కాయిన్ వాలెట్‌లో డబ్బు కాజేయడానికి రాసినది. రాసినాయన చెడ్డవాడు కాదు, మీలాగే విసిగిపోయాడు.

రెండోది ఎక్స్‌జడ్. దాదాపు ప్రతి లైనక్స్‌లోనూ ఉండే కుదింపు లైబ్రరీ. లాసె కాలిన్ అనే ఒక్క మనిషి తీరిక వేళల్లో చూసుకునేవాడు. 2021 నుంచి జియా టాన్ అనే పేరుతో ఒకరు మంచి మార్పులు పంపడం మొదలుపెట్టారు. 2022లో ఎవరో తెలియని ఖాతాలు వచ్చి 'పనులు ఆలస్యమవుతున్నాయి, ఇంకొకరికి అప్పగించండి' అని ఆయన మీద ఒత్తిడి పెట్టాయి. చివరికి జియా టాన్‌కు రిలీజ్ చేసే హక్కు వచ్చింది. 2024లో 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొంగదారి పెట్టారు. ఆండ్రెస్ ఫ్రోయిండ్ అనే ఇంజినీరు తన మెషీన్‌లో ఎస్ఎస్‌హెచ్ (దూరం నుంచి మెషీన్‌లోకి పోయే దారి) లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందేంటని తవ్వితే 2024 మార్చి 29న బయటపడింది. ఆ పేరు వెనక ఎవరున్నారో ఇప్పటికీ తేలలేదు.

దీన్ని బట్టి పేరు చెప్పనివాడు దొంగ అనుకోవద్దు. ఓపెన్ సోర్స్‌లో మారు పేరుతో ఏళ్ళ తరబడి నిజాయితీగా పనిచేసేవాళ్ళు బోలెడు. అతని ఆధార్ అడగకండి, అది మీకు ఎందుకూ పనికిరాదు. ఏ ఒక్క మనిషీ ఒంటిగా రిలీజ్ చేయలేని ఏర్పాటు పెట్టండి, అప్పుడు అతనెవరో తెలియకపోయినా నడుస్తుంది.

చేతికి వచ్చే పని చెప్తాను. రిపాజిటరీ (కోడ్ ఉండే చోటు) ఇప్పుడు మీ సొంత ఖాతా కింద ఉంది కదా, దానికి ఓనరు ఒక్కరే ఉండగలరు. గిట్‌హబ్‌లో ఉచితంగా ఒక ఆర్గనైజేషన్ తెరిచి దానికి బదిలీ చేయండి. పాత లింకులు కొత్త చోటికి వాటంతటవే పోతాయి. కానీ మీ ఖాతాలో అదే పేరుతో మళ్ళీ రిపాజిటరీ తెరిచారంటే ఆ దారి తెగిపోతుంది, అది మాత్రం చేయకండి. ఆర్గనైజేషన్‌కు కనీసం ఇద్దరు ఓనర్లు ఉండాలి. మెయిన్ బ్రాంచ్‌లోకి, అంటే అసలు కోడ్‌లోకి ఎవరి మార్పైనా, ఓనరుదైనా సరే, ఇంకొకరు చూసి ఒప్పుకుంటేనే కలిసేలా పెట్టండి.

కీ సంగతి అన్నిటికన్నా ముఖ్యం. 2019 యాప్ అంటున్నారు కాబట్టి సంతకం కీ మీ ల్యాప్‌టాప్‌లోనే ఉండి ఉంటుంది. అది పోతే ఇదే పేరు మీద అప్‌డేట్ ఇవ్వలేరు, కొత్త యాప్ పెట్టి అందరినీ మళ్ళీ ఇన్‌స్టాల్ చేసుకోమనాలి. వేరేవాళ్ళ చేతిలో పడితే వాళ్ళ యాప్ మీ యాప్‌లాగే ఎక్కి కూర్చుంటుంది. అందుకని ఎవరికీ పంపకముందే ప్లే యాప్ సైనింగ్‌లో చేరండి. ప్లే కన్సోల్‌లో (యాప్ పెట్టేవాళ్ళకు గూగుల్ ఇచ్చే పేజీ) ఉన్న టూల్‌తో కీని ఎన్‌క్రిప్ట్ చేసి గూగుల్‌కు ఎక్కిస్తారు. అప్పటినుంచి అసలు సంతకం వాళ్ళు పెడతారు, మీ దగ్గర ఉండేది అప్‌లోడ్ కీ మాత్రమే. అది పోయినా, బయటపడినా మార్పించుకోవచ్చు. వాట్సాప్‌లో ఏపీకే పంచుకునేవాళ్ళ కోసం ప్లే కన్సోల్ నుంచే గూగుల్ సంతకం పెట్టిన యూనివర్సల్ (ఏ ఫోన్‌లోనైనా ఎక్కే) ఏపీకే దించుకుని గిట్‌హబ్‌లో పెట్టండి. సంతకం అదే కాబట్టి పాత దాని మీద ఎక్కుతుంది.

మీ జీమెయిల్ పాస్‌వర్డ్ మాత్రం ఎవరికీ ఇవ్వకండి. ప్లే కన్సోల్‌లోనే యూజర్లను చేర్చి, టెస్టింగ్ రిలీజుల వరకే అనుమతి ఇవ్వచ్చు. ఒక సీజన్ అట్లా చూసి, తర్వాత యాప్‌ను వాళ్ళ డెవలపర్ ఖాతాకు బదిలీ చేయండి. దానికి వాళ్ళు 25 డాలర్లు కట్టి ఖాతా తెరవాలి. బదిలీ అప్పుడు రెండు ఖాతాల ఫీజు చెల్లింపు నంబర్లూ అడుగుతారు. 2019 నాటి రసీదు మెయిల్ ఇప్పుడే వెతికి పెట్టుకోండి. రేటింగులు, వాడేవాళ్ళు అన్నీ యాప్‌తోపాటే పోతాయి.


ఆయకట్టు అబ్బాయి:

కీ ల్యాప్‌టాప్‌లోనే ఉంది, ఇంకో కాపీ పెన్‌డ్రైవ్‌లో బీరువాలో ఉంది. ప్లే యాప్ సైనింగ్ ఈ ఆదివారమే చేస్తాను.

ఒక అనుమానం. రెండేళ్ళు పని చేసిన మనిషికి ఇప్పుడు 'నీకు ఒంటిగా ఇవ్వం' అంటే అవమానం అనిపించదా? అతను పోతే కోడ్ రాసేవాళ్ళు నిజంగానే తక్కువ.


పానగల్లు:

రూలు మీకూ వర్తిస్తుంది అని చెప్పండి. ఇకనుంచి మీ మార్పు కూడా ఇంకొకరు చూడందే కలవదు. నిజంగా యాప్ మీద ప్రేమ ఉన్నవాడైతే ఊపిరి పీల్చుకుంటాడు, ఎందుకంటే రేపు ఏదైనా తేడా వస్తే ఒక్కడి మీద పడదు. కీ ఇవ్వలేదని అలిగి పోతే, ఆ సంగతి సీజన్‌కు ముందే తెలియడం మంచిదే.


పాత బ్యాటరీ:

ఇంత టెన్షన్ ఎందుకు? రిపాజిటరీ ఆర్కైవ్ చేసి (చదవడానికే ఉంచి, మార్పులు ఆపేసి) వదిలేయండి. కావలసినవాడు ఫోర్క్ (సొంత కాపీ) చేసుకుంటాడు. జీతం లేని పనికి వారసుణ్ణి వెతికి పెట్టే బాధ్యత మీకు లేదు.


ఆయకట్టు అబ్బాయి:

బాధ్యత లేదన్నది ఒప్పుకుంటా. వేరే యాప్ అయితే అదే చేసేవాణ్ణి. ఇందులో చిక్కు ఏంటంటే మద్దతు ధర ఏటా మారుతుంది. మే, జూన్‌లలో కేంద్ర ప్రభుత్వం ప్రకటిస్తుంది, అక్టోబరులోపు యాప్‌లోకి ఎక్కాలి. నేను ఆర్కైవ్ చేసి పోతే యాప్ ఫోన్లలోంచి పోదు. పాత ధర పట్టుకుని అట్లనే లెక్క చెప్తూ ఉంటుంది. ధర తప్పు చూపించే యాప్ కంటే యాప్ లేకపోవడమే నయం, కనీసం నోటి లెక్క అయినా వేసుకుంటారు.


పానగల్లు:

అయితే ఎవరికి ఇచ్చినా ఇవ్వకపోయినా ముందు ఒక మార్పు పెట్టండి. ధరల పట్టికకు గడువు రాయండి. ఆ సీజన్ దాటితే యాప్ తనంతట తానే 'ఈ ధర పాతది, కొత్త ధర మీరే కొట్టండి' అని ఖాళీ గడి చూపించాలి. రేపు కొత్తవాళ్ళు కూడా వదిలేసినా అబద్ధం మాత్రం చెప్పదు.

పాత బ్యాటరీ గారి మాటలో కొంత న్యాయం ఉంది. డెబియన్ అనే లైనక్స్‌లో ప్యాకేజీ చూసేవాళ్ళు తప్పుకునేటప్పుడు రెండు రకాలుగా చెప్తారు. కొత్త మనిషి దొరికేదాకా నేనే చూస్తాను, ఎవరైనా తీసుకోండి అనడం ఒకటి. ఇవాళ్టినుంచి దీనికి ఎవరూ లేరు అనడం రెండోది. రెండోది చెప్పడానికి కూడా అక్కడ ఎవరూ సిగ్గుపడరు. మీరు ఇప్పుడు మొదటిదాంట్లో ఉన్నారు. ఆ మాట రీడ్‌మీలో (ప్రాజెక్టు పరిచయం పేజీ) పైనే తెలుగులో రాయండి, వాడేవాళ్ళకు కూడా తెలియాలి.


పేట టీచరమ్మ:

తమ్ముడూ, నేను నారాయణపేటలో టీచర్ని. మీ యాప్‌లో కన్నడ మాటలు పెట్టినవాళ్ళలో నేనూ ఒకదాన్ని. మా దగ్గర చాలా ఇళ్ళలో కన్నడమే మాట్లాడతారు కాబట్టి అడిగి మరీ పెట్టించాను.

ఇంత చర్చ జరిగింది, ఎవరూ అడగలేదు కాబట్టి నేను అడుగుతున్నా. ఆ అమ్మాయిని అడిగారా? మీ మనసులో ఉంది అని మాకు చెప్పారు. ఆమెకు చెప్పారా? కోడ్ రాసినవాడు చెయ్యెత్తి నేనున్నా అంటాడు. ఫోన్లు ఎత్తి, చీటీలు పోల్చి చూసే మనిషికి అది కూడా ప్రాజెక్టు పనే అని ఎవరూ చెప్పరు. అందుకే వాళ్ళు చెయ్యెత్తరు. నా ఉద్దేశంలో ముందు పేరు ఆమెది ఉండాలి, కోడ్ అతను రాయనీయండి. 17 దగ్గర తప్పు పట్టుకున్నది ఎవరో మీరే రాశారు.

ఇంకొకటి, ఇది మగవాళ్ళకు తట్టదు. సహాయం దగ్గర మీ నంబరు తీసేసి ఆమె నంబరు పెట్టొద్దు. రాత్రి పదింటికి మీకు వచ్చే ఫోన్లు వేరు, అదే టైముకు ఆడపిల్లకు వచ్చే ఫోన్లు వేరు. వేరే సిమ్ తీసుకోండి. అది వాట్సాప్‌కే, కాల్స్ వద్దు. జవాబు ఇచ్చే వేళలు యాప్‌లోనే రాయండి. ముగ్గురు వంతులు వేసుకోండి, కావాలంటే అందులో నన్ను కూడా వేసుకోండి, సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా నాకు వీలే. ప్లే స్టోర్ పేజీలో పెట్టే మెయిలు కూడా ఎవరి సొంతదీ కాకుండా ప్రాజెక్టుది ఉండాలి.


కోయిల్‌సాగర్ పెద్దాయన:

నాకు కోడ్ తెలియదు. దేవరకద్ర వైపు సహకార సంఘంలో సెక్రటరీగా చేసి దిగినవాణ్ణి. మా అబ్బాయి ఈ చర్చ చూపిస్తే చదివాను. బాబూ, మీరు అడిగేది చార్జ్ అప్పగింత. దానికి మా దగ్గర పద్ధతి ఉంది, మీకూ పనికొస్తుంది.

దిగే సెక్రటరీ చార్జ్ లిస్టు రాస్తాడు. నగదు పుస్తకం, స్టాకు రిజిస్టరు, చెక్కుబుక్కులో చివరి ఆకు నంబరు, సీలు, బీరువా తాళాలు ఎన్ని జతలు. ప్రతిదీ కొత్త మనిషి చేత్తో పట్టుకుని చూసి, ఇద్దరూ సంతకం పెడతారు. 'అన్నీ ఇచ్చాను' అని ఒక్క వాక్యం రాస్తే ఒప్పుకోరు. మీరు కూడా డొమైన్ ఎక్కడ కొన్నారు, గడువు ఎప్పుడు, ఏ మెయిల్ మీద ఉంది, కీ కాపీలు ఎన్ని, ఎక్కడెక్కడ ఉన్నాయి, గ్రూపులకు అడ్మిన్లు ఎవరు అన్నవి వరసగా రాయండి. పాస్‌వర్డులు అందులో రాయకండి, ఏవి ఉన్నాయో రాస్తే చాలు.

అయితే అసలు లిస్టు కింద పెండింగ్ అని ఒక భాగం ఉంటుంది. గొడవలన్నీ వచ్చేది దాంట్లోంచే. తీరని తగాదాలు, నోటి మాటగా ఇచ్చిన హామీలు. మీరు ఎవరికైనా 'వచ్చే సీజన్‌లో ఈ సౌకర్యం పెడతా' అన్నారా? ఆ వ్యాపారంవాళ్ళతో 'చూద్దాం' అన్నారా? అన్నీ రాయండి. రాయకపోతే వాళ్ళు రేపు కొత్త అమ్మాయి దగ్గరికి పోయి, 'సార్ ఒప్పుకున్నాడు' అంటారు.

దిగిన తర్వాత కొన్నాళ్ళు అటు పోకండి. మా దగ్గర ఒక సెక్రటరీ దిగిపోయాక కూడా రోజూ వచ్చి కొత్తాయన కుర్చీ పక్కనే కూర్చునేవాడు. సంఘానికి వచ్చినవాళ్ళంతా ఆయననే అడిగేవాళ్ళు. కొత్తాయన సంతకాలు పెట్టే బొమ్మ అయ్యాడు. మీ గ్రూపులో ఎవరైనా మిమ్మల్ని పేరు పెట్టి అడిగినా సరే, జవాబు ఆమెనే ఇవ్వనీయండి.

సొసైటీ రిజిస్టరు చేయమని ఎవరైనా చెప్తారేమో. 2001 సొసైటీల చట్టం కింద కనీసం ఏడుగురు కావాలి, ఏటా రిజిస్ట్రారుకు కార్యవర్గం జాబితా ఇవ్వాలి. డబ్బు చేతులు మారని పనికి ఇప్పుడే ఆ బరువు ఎత్తుకోవద్దు. చందాలు తీసుకునే రోజు వస్తే అప్పుడు ఆలోచించండి.


పానగల్లు:

పెద్దాయన చెప్పిన పెండింగ్ భాగం బంగారం. మా ఆఫీసులో కూడా రేపే మొదలుపెడతా.

ఆ వ్యాపారంవాళ్ళ గురించి ఒక మాట కలుపుతా. 2018 జూలైలో పైథాన్ సృష్టికర్త గైడో వాన్ రోసమ్ నిర్ణయాలు చేసే బాధ్యత వదిలేసినప్పుడు వారసుడి పేరు చెప్పలేదు, మీరే తేల్చుకోండి అన్నాడు. వాళ్ళు నెలల తరబడి వాదించుకుని ఐదుగురి కౌన్సిల్ ఎన్నుకున్నారు. అందులో ఒక నిబంధన నాకు చాలా ఇష్టం: ఒకే యజమాని దగ్గర పనిచేసేవాళ్ళు ఇద్దరికి మించి ఉండకూడదు. మీకు ఐదుగురి కౌన్సిల్ అక్కర్లేదు. ఎరువులు, విత్తనాలు అమ్మేవాళ్ళ మనుషులు కోడ్ పంపచ్చు, రిలీజ్ అధికారంలో మాత్రం ఉండరు అని ఒక్క వాక్యం ఇప్పుడే రాసి పెట్టండి. మీరు ఉన్నప్పుడు రాస్తే అది రూలు. రేపు ఆమె రాస్తే పగ అంటారు.


త్రిపురారం:

నమస్తే సార్. మీరు రాసింది నా గురించే అని గ్రూపులో ఎవరో లింకు పెడితే తెలిసింది. టీచర్ మేడం, థాంక్స్. మీరు అడిగిన ప్రశ్నకు జవాబు: లేదు, సార్ నన్ను అడగలేదు.

అడిగితే ఏమంటానో ఇక్కడే చెప్తాను. చేస్తాను. కానీ ఊరికే ఒప్పుకోను.

ధరలు, బోనస్, తేమ పరిమితి కోడ్‌లోంచి తీసి వేరే ఫైల్‌లో పెట్టాలి. ఇప్పుడు 500 బోనస్ మూడు చోట్ల ఉంది, ఒక చోట మార్చి ఇంకో చోట మర్చిపోతే 40 క్వింటాళ్ళ మీద 20,000 రూపాయల తేడా వస్తుంది. ఫైల్ వేరుగా ఉంటే కోడ్ రాని నాలాంటిది కూడా మార్చగలదు. నా దగ్గర పాత ట్రక్ షీట్లు ఉన్నాయి. రైతుల పేర్లు తీసేసి, వాటి అంకెలతో టెస్టులు రాయించాలి. ఆ టెస్టులు పాస్ కాకపోతే ఎవరి మార్పూ కలవకూడదు, ట్రాక్టర్ బొమ్మ అన్నదైనా సరే. ఆయనతో నాకు గొడవ లేదు. 17 సంగతి చెప్పినప్పుడు గంటలో సరిచేశాడు, తెలుగులోనే 'సారీ చెల్లె' అని రాశాడు కూడా. సార్‌తో ఇంగ్లిష్‌లో ఎందుకు రాస్తాడో మరి.

రెండు సీజన్లు చేస్తాను. వానాకాలం, యాసంగి. తర్వాత ఉద్యోగం ఎక్కడ వస్తుందో నాకే తెలియదు కాబట్టి, అప్పుడు మళ్ళీ అడగాలి. జీవితాంతం నాదే అంటే ఇప్పుడే వద్దు. ఆ వ్యాపారంవాళ్ళకు 'వద్దు' అన్న మెయిలు సార్ పేరు మీద, నేను చార్జ్ తీసుకోకముందే పోవాలి. కాల్స్ విషయం మేడం చెప్పినట్టే.


ఆయకట్టు అబ్బాయి:

అడగాల్సింది, నిజమే. ఇప్పుడు అడుగుతున్నానమ్మా, తీసుకుంటావా అని కాదు, నువ్వు పెట్టిన షరతులన్నిటికీ సరే అని.

మెయిలు ఇందాకే పంపాను. ప్రకటనలు వద్దు, అమ్మకం లేదు, కోడ్ కావాలంటే జీపీఎల్ ప్రకారం తీసుకోండి, పేరు, బొమ్మ వాడొద్దు అని రాశాను. ఆర్గనైజేషన్ తెరిచాను. ఓనర్లుగా నువ్వు, నేను ఉంటాం. యాసంగి అయ్యాక నా చోట్లోకి ఇంకొకరిని చూసుకో, నేను దిగిపోతాను. ట్రాక్టర్ బొమ్మ అతనికి రివ్యూ చేసే అనుమతి ఇచ్చాను. రూలు అందరికీ ఒకటే అని చెప్తే 'ఓకే, గుడ్' అన్నాడు. కీ సంగతి మళ్ళీ ఎత్తలేదు. ధరల ఫైల్ వేరు చేసే పని తనే మొదలుపెడతానన్నాడు.

ఈ వానాకాలం ప్లే స్టోర్ నా ఖాతాలోనే ఉంటుంది, నీకు టెస్టింగ్ రిలీజ్ అనుమతి పంపాను, మెయిల్ చూసుకో. అసలు రిలీజ్ బటన్ నువ్వు చెప్పినప్పుడు నేను నొక్కుతాను, నువ్వు చెప్పందే నొక్కను. సంక్రాంతి తర్వాత బదిలీ. చార్జ్ లిస్టు రాయడం మొదలుపెట్టాను, పెండింగ్ భాగమే పొడుగు తేలుతోంది. నేరేడుచర్లలో ఒకాయనకు పత్తి లెక్క కూడా పెడతానని రెండేళ్ళ కిందట మాటిచ్చానట, ఆయనే గుర్తు చేశాడు.


త్రిపురారం:

పత్తి వద్దు సార్. ఆయనకు మీరే చెప్పండి.

డెవలపర్ ఖాతా 25 డాలర్లు ఎవరు కట్టాలి?


కోయిల్‌సాగర్ పెద్దాయన:

దిగేవాళ్ళు కట్టాలి. రసీదు చార్జ్ లిస్టుకు జత చేయండి.